మానేసిన క్లాసు, మిగిలిన బాకీ, మూడు వారాల తేడా

కాలిఫోర్నియా నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, కాలేజీ పేరు బయటపెట్టొద్దన్నారు. అందులోని సంగతి క్లుప్తంగా ఇది.

ఆవిడది గుంటూరు. నాగార్జున యూనివర్సిటీలో బీకాం చేశారు. పెళ్లయ్యాక హెచ్-4 మీద, అంటే ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల భార్యాభర్తలకిచ్చే వీసా మీద, డాలస్ వచ్చి మూడేళ్లు ఉన్నారు. భర్త ఉద్యోగం మారడంతో నిరుడు సెప్టెంబరు 12న బే ఏరియాకి మారారు. పాపకి ఐదేళ్లు, ఈ ఆగస్టులో కిండర్‌గార్టెన్‌కి వెళ్తుంది. భర్తకి గ్రీన్‌కార్డు దారిలోని ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయింది, ఈవిడ ఉద్యోగం చేసుకోవడానికి అనుమతినిచ్చే ఈఏడీ కార్డుకి అప్లై చేశారు. కార్డు వచ్చేలోపు అకౌంటింగ్‌లో ఒక సర్టిఫికెట్ చేతిలో ఉంటే బుక్‌కీపింగ్ పనేదైనా దొరుకుతుందని ఆశ.

జనవరిలో దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో చేరి రెండు క్లాసులు తీసుకున్నారు. ఫైనాన్షియల్ అకౌంటింగ్ 4 యూనిట్లు, ఆన్‌లైన్. ఇంగ్లిష్ కాంపోజిషన్ 3 యూనిట్లు, మంగళ, గురువారాల్లో సాయంత్రం క్యాంపస్‌లో. యూనిట్‌కి 46 డాలర్లేనని ఎవరో చెబితే మొత్తం 322 అవుతుందనుకున్నారు. బిల్లు 2,772 వచ్చింది. రాష్ట్రానికి వచ్చి ఏడాది నిండలేదు కాబట్టి నాన్‌రెసిడెంట్ అట, 46 మీద యూనిట్‌కి మరో 350. ఇన్‌స్టాల్‌మెంట్‌లో 1,000 కట్టారు, 1,772 మిగిలింది.

నాలుగో వారంలో పాపకి న్యుమోనియా వచ్చింది. రెండు రాత్రులు హాస్పిటల్లో, పది రోజులు ఇంట్లో. అకౌంటింగ్ రాత్రిళ్లు కూర్చుని ఎలాగో లాక్కొచ్చారు. ఇంగ్లిష్ నాలుగు క్లాసులు పోయేసరికి మళ్లీ వెళ్లడానికి మొహం చెల్లలేదు. ‘రాకపోతే వాళ్లే తీసేస్తారులే’ అనుకుని వదిలేశారు. సెమిస్టర్ అయ్యాక చూస్తే అకౌంటింగ్‌లో బీ, ఇంగ్లిష్‌లో ఎఫ్, అంటే ఫెయిల్. బాకీ వల్ల అకౌంట్ మీద హోల్డ్, అది తీసేదాకా కొత్త క్లాసులకి రిజిస్టర్ అవనివ్వదు. ఎఫ్ గ్రేడు గానీ, మిగిలిన బాకీ గానీ భర్తకి తెలియవు. ‘ఇక్కడికొచ్చి ఏడాది అయింది కదా, ఫాల్‌లో రెసిడెంట్ ఫీజే పడుతుంది, ఈసారి మూడు క్లాసులు తీసుకో’ అని ఆయన ప్రోత్సహిస్తున్నారు. పక్కింటి అక్క మాత్రం స్టూడెంట్ వీసా ఎఫ్-1కి మారిపొమ్మంటోంది. ఫాల్ సెమిస్టర్ ఆగస్టు 24న మొదలు. ‘ఈ ఎఫ్‌తో నా చదువు అయిపోయినట్టేనా? రిజిస్టర్ అవ్వాలా, మానాలా? ఆయనకి ఏ మొహంతో చెప్పాలి?’ అని అడిగారు.

సమాధానం:

మీ ఉత్తరంలో అన్నీ ఒకదానికొకటి చుట్టుకుపోయి ఒకే పెద్ద తప్పులా కనిపిస్తున్నాయి. కాలేజీ వాళ్లకి మాత్రం అది అలా కనిపించదు. ఎఫ్ గ్రేడు అడ్మిషన్స్ అండ్ రికార్డ్స్ వాళ్ల పని. బాకీ క్యాషియర్ ఆఫీసుది. ఏ క్లాసులు తీసుకోవాలన్నది కౌన్సిలర్‌ది. రెసిడెంటా కాదా అన్నది మళ్లీ అడ్మిషన్సే అయినా వేరే ఫారం, వేరే గడువు. ఒక కౌంటర్లో పని ఆగిందని ఇంకో కౌంటర్‌కి వెళ్లకుండా ఉండక్కర్లేదు.

ముందు మీ నిద్ర పాడు చేస్తున్న ఎఫ్ సంగతి. మీరు ఇరుక్కున్నది ఎక్కడో వారాల లెక్కలో చెబుతాను. పూర్తి నిడివి సెమిస్టర్ క్లాసుకి కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో మొదటి రెండు వారాల్లోపు డ్రాప్ చేస్తే, అంటే క్లాసులోంచి పేరు తీసేసుకుంటే, డబ్బు వెనక్కొస్తుంది. క్లాసు నిడివిలో 20 శాతం గడిచేలోపు, అంటే సుమారు మూడో వారంలోపు డ్రాప్ చేస్తే ట్రాన్‌స్క్రిప్ట్‌లో, అంటే మీ మార్కుల జాబితాలో, ఆ క్లాసు ఊసే ఉండదు. ఆ తర్వాత 75 శాతం దాకా, అంటే పన్నెండో వారం దాకా డ్రాప్ చేస్తే డబ్ల్యూ (విత్‌డ్రాయల్) అని పడుతుంది. డబ్ల్యూ జీపీఏని, అంటే గ్రేడుల సగటుని, తగ్గించదు. అదీ దాటితే టీచరు ఏదో ఒక గ్రేడు ఇచ్చి తీరాలి. పాపకి ఒంట్లో బాగాలేనిది నాలుగో వారంలో. అప్పటికి డబ్బు వెనక్కొచ్చే గడువు దాటిపోయింది, కానీ డబ్ల్యూకి ఇంకా ఎనిమిది వారాలు ఉంది. పోర్టల్లోకి వెళ్లి డ్రాప్ నొక్కితే చాలేది.

‘రాకపోతే వాళ్లే తీసేస్తారు’ అన్నది మీరు కల్పించుకున్నదేం కాదు, సగం నిజం. మొదటి క్లాసుకి రానివాళ్లని టీచర్లు తీసేసి వెయిట్‌లిస్టులో ఉన్నవాళ్లకి సీటిస్తారు. ఆన్‌లైన్ క్లాసులో మొదటి వారం లాగిన్ అయి పని ఏదీ చేయకపోయినా తీసేస్తారు. సెన్సస్ అనే తేదీ ఒకటుంటుంది, సుమారు ఆ 20 శాతం దగ్గరే. అప్పటికి క్లాసులో ఎవరున్నారన్న లెక్క మీదే కాలేజీకి రాష్ట్రం డబ్బులిస్తుంది. అందుకే రానివాళ్లని ఆలోపే ఏరేస్తారు. మీరు మూడు వారాలు బుద్ధిగా వెళ్లారు కాబట్టి ఆ ఏరివేతలో మీ పేరు పోలేదు. సెన్సస్ దాటాక డ్రాప్ చేసుకోవాల్సిన బాధ్యత మీదే. చదువు మానేయడానికి ఎవరి సంతకమూ అక్కర్లేని చోట మానేశానని చెప్పుకోకపోతే ఎవరికీ తెలియదు.

ఇక దీనికి దారులు. మొదటిది, ఎక్స్‌క్యూజ్డ్ విత్‌డ్రాయల్. ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఈడబ్ల్యూ అని పడుతుంది. మన చేతిలో లేని కారణం వల్ల, అంటే జబ్బు, యాక్సిడెంటు, బిడ్డని చూసుకోవాల్సి రావడం లాంటివాటివల్ల క్లాసు పోయిందని కాగితాలతో చూపిస్తే ఇస్తారు. గ్రేడు పడ్డాక కూడా, గ్రేడు మార్పుకి కాలేజీ పెట్టుకున్న గడువులోపు పిటిషన్ పెట్టొచ్చు. ఈడబ్ల్యూ జీపీఏలోకి రాదు, ఈ క్లాసు ఎన్నిసార్లు తీసుకున్నారన్న లెక్కలోకీ రాదు. డబ్ల్యూ అయితే ఒక ప్రయత్నం కింద పడుతుంది, ఒక క్లాసుకి మామూలుగా మూడు ప్రయత్నాలే ఇస్తారు.

పిటిషన్‌లో ఏం రాయాలన్నది ముఖ్యం. కమిటీ చదివేది ఒక పేజీ. హాస్పిటల్ డిశ్చార్జి సమ్మరీ, తర్వాత డాక్టరుకి చూపించిన తేదీలు, పాప ప్రీస్కూల్‌కి రాలేదని అక్కడి నుంచి ఒక చిన్న మెయిలు జతచేయండి. ఆ తేదీలు సెమిస్టర్‌లో ఎన్నో వారమో మీరే లెక్కగట్టి రాయండి, వాళ్లు క్యాలెండరు తిరగేయరు. వాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: అదే సెమిస్టర్‌లో అకౌంటింగ్‌లో బీ వచ్చిందిగా, ఇంగ్లిష్ ఎందుకు పోయింది? దానికి జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. అకౌంటింగ్ ఆన్‌లైన్, పాప పడుకున్నాక రాత్రి పదకొండింటికి చేసేవారు. ఇంగ్లిష్ సాయంత్రం ఆరింటికి క్యాంపస్‌లో ఉండాలి, ఆ టైముకి పాపని చూసేవాళ్లు లేరు. ఈ రెండు వాక్యాలూ పిటిషన్‌లో ఉండాలి. ‘గడువు నాకు తెలియదు’ అన్న ముక్క మాత్రం కారణంగా రాయకండి. అది నిజమే అయినా ఏ కమిటీ దాన్ని కారణంగా తీసుకోదు. పది రోజుల తర్వాత పాప కోలుకుంది కదా, అప్పుడెందుకు వెళ్లలేదని కూడా అడగొచ్చు. నాలుగు క్లాసులు పోయాయి, మొదటి వ్యాసం గడువు దాటింది, అందుకోలేకపోయాను అని ఉన్నదున్నట్టు రాయండి.

పిటిషన్ ఒప్పుకుంటే గ్రేడు మారుతుంది, ఫీజు దానంతటది వెనక్కి రాదు. దానికి వేరే అర్జీ ఉంటుంది, రెండూ ఒకే రోజు పెట్టండి. మీ ఇంగ్లిష్ క్లాసు ఖరీదు 3 యూనిట్లు, 396 చొప్పున 1,188 డాలర్లు. వస్తే అదృష్టమే, వస్తుందన్న లెక్కతో మాత్రం ఏదీ మొదలుపెట్టకండి. ఫలితం రావడానికి వారాలు పట్టొచ్చు.

పిటిషన్ తోసేస్తే రెండో దారి, ఆ క్లాసునే మళ్లీ తీసుకోవడం. రెండోసారి వచ్చిన గ్రేడే జీపీఏలో లెక్క, పాత ఎఫ్ కాగితం మీద ఉంటుంది కానీ లెక్కలోంచి పోతుంది. ఇప్పుడు మీ జీపీఏ చూద్దాం. బీ అంటే 3 పాయింట్లు, 4 యూనిట్లకి 12. ఎఫ్‌కి సున్నా. 12ని 7 యూనిట్లతో భాగిస్తే 1.71. రెండుకి తక్కువ కాబట్టి ప్రొబేషన్ అనే హెచ్చరిక పడుతుందేమోనని మీ భయం. కానీ ప్రొబేషన్ లెక్క మొదలయ్యేది 12 యూనిట్లు తీసుకున్నాక. మీరింకా ఏడు దగ్గరే ఉన్నారు. ఇంగ్లిష్ మళ్లీ తీసుకుని బీ తెచ్చుకుంటే జీపీఏ 3.0. ఈడబ్ల్యూ వచ్చినా 3.0.

అసలు ఆ ఇంగ్లిష్ క్లాసు మీకు కావాలా? ‘అందరూ తీసుకుంటారు’ అని చెబితే తీసుకున్నానని రాశారు. అసోసియేట్ డిగ్రీకి కావాలి. మీరు కోరుకుంటున్న బుక్‌కీపింగ్ సర్టిఫికెట్‌కి చాలా కాలేజీల్లో అక్కర్లేదు. ఫైనాన్షియల్ అకౌంటింగ్, మేనేజీరియల్ అకౌంటింగ్, క్విక్‌బుక్స్, ఎక్సెల్, ట్యాక్స్ లాంటివే ఉంటాయి. మీ కాలేజీ క్యాటలాగ్‌లో ఆ సర్టిఫికెట్ పేజీ తెరిచి చూడండి. అందులో ఇంగ్లిష్ లేకపోతే ఆ ఎఫ్ మీ దారిలో అడ్డంగా లేనే లేదు. డిగ్రీ చేయాలనిపించిన రోజు మళ్లీ తీసుకోవచ్చు. ఫైనాన్షియల్‌లో బీ ఉంది కాబట్టి మేనేజీరియల్‌కి ముందు పాసవ్వాల్సిన క్లాసు (ప్రీరిక్విజిట్) షరతు తీరిపోయింది, సిస్టమ్ మిమ్మల్ని ఆపదు. బీకాం మార్కుల్ని వందల డాలర్లు పోసి ఎవాల్యుయేషన్ చేయించాలా అనీ అడిగారు. సర్టిఫికెట్ వరకే అయితే ఇప్పుడొద్దు. పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, డిగ్రీలో పుట్టింటి ఇనీషియల్ ఉన్న మీలాంటివాళ్లకి ఆ పని నెలలు సాగుతుంది. అవసరం పడ్డాక మొదలుపెట్టండి.

ఇప్పుడు మీ ఆయన లెక్క. ఆయన అన్న ‘ఏడాది’ దాదాపు నిజం, ఆ దాదాపు దగ్గరే వచ్చింది చిక్కు. రెసిడెంట్ అనిపించుకోవాలంటే సెమిస్టర్ మొదలయ్యే ముందు రోజుకి కాలిఫోర్నియాలో ఒక ఏడాదీ ఒక రోజూ నిండాలి. ఫాల్ ఆగస్టు 24న మొదలు కాబట్టి చూసేది ఆగస్టు 23. మీరు వచ్చింది సెప్టెంబరు 12. మీకు ఏడాదీ ఒక రోజూ నిండేది ఈ సెప్టెంబరు 13కి. సరిగ్గా మూడు వారాలు తక్కువ. అక్టోబరులో మొదలయ్యే లేట్‌స్టార్ట్ క్లాసు తీసుకుంటే సరిపోతుందని ఎవరైనా చెప్పొచ్చు. సాధారణంగా సరిపోదు. ఆ క్లాసు ఎప్పుడు మొదలైనా చూసేది ఫాల్ టర్మ్ తేదీనే.

కాబట్టి ఫాల్‌లో మూడు క్లాసులంటే, 11 యూనిట్లు అనుకుంటే, బిల్లు 4,356 డాలర్లు. అవే 11 యూనిట్లు జనవరిలో రెసిడెంటుగా తీసుకుంటే 506, హెల్త్ ఫీజు లాంటి చిల్లర ఖర్చులు కాక. డబ్బు పక్కన పెట్టినా 11 యూనిట్లు బరువే. ఒక యూనిట్‌కి వారానికి క్లాసూ చదువూ కలిపి మూడు గంటల లెక్క, అంటే వారానికి 33 గంటలు. కిండర్‌గార్టెన్ పిల్లలకి మొదటి రెండు నెలలు వరసగా జలుబూ జ్వరమూ తప్పవని మీకు నేను చెప్పక్కర్లేదు.

జనవరికి రెసిడెంట్ అవడం కూడా దానంతటది జరగదు. ఒకసారి నాన్‌రెసిడెంట్ అని నమోదయ్యాక, మీరు కాగితాలతో అడిగేదాకా అలాగే ఉంటారు. అడగాల్సింది రెసిడెన్సీ రీక్లాసిఫికేషన్. హెచ్-4 వాళ్లు కాలిఫోర్నియాలో రెసిడెన్సీ సంపాదించుకోవచ్చు. కౌంటర్లో ఎవరైనా ‘వీసా మీద ఉన్నారు, కుదరదు’ అంటే ఆ మాట ఎఫ్, బి వీసాలకి వర్తిస్తుంది, హెచ్-4కి కాదని మర్యాదగా చెప్పి మీ స్టేటస్ రాసి ఉండే ఐ-94 కాగితం చూపించండి.

వాళ్లు ముఖ్యంగా చూసేవి రెండు: ఏడాదిగా ఇక్కడే ఉన్నారా, ఇక్కడే ఉండాలన్న ఉద్దేశం ఉందా. ఈ రెండోది నిరూపించడంలోనే మన ఇళ్లలో ఇబ్బంది. లీజు ఆయన పేరు, కరెంటు బిల్లు ఆయన పేరు, కారు ఆయన పేరు. మీ పేరు మీద ఉన్నదల్లా లైబ్రరీ కార్డు. పైగా టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్సు ఇంకా పర్సులోనే ఉందన్నారు. ముందు దాన్ని మార్చండి. కాలిఫోర్నియాలో స్థిరపడ్డవాళ్లు పది రోజుల్లో ఇక్కడి లైసెన్సుకి అప్లై చేయాలన్నది రూలు. పాత రాష్ట్రం లైసెన్సు ఉంచుకుంటే మీ ఉద్దేశానికి అదే ఎదురు సాక్ష్యం. ఇప్పుడు మార్చినా అది ఏడాది పాతది అవదు కాబట్టి దాని పక్కన పాత తేదీలున్న కాగితాలు కావాలి. లీజు మొదటి పేజీలో ఇంట్లో ఉండే పెద్దవాళ్ల పేర్లు రాసే చోటు ఉంటుంది, మీ పేరు ఉందేమో చూడండి. నిరుటి రాష్ట్ర పన్ను రిటర్ను ఇద్దరూ కలిపి వేసి ఉంటే అది మీకు బంగారం. ఏడాది మధ్యలో వచ్చారు కాబట్టి అలాంటివాళ్లు వేసే 540ఎన్ఆర్ అనే రిటర్ను వేసి ఉంటారు, దానికి జతచేసే షెడ్యూల్ సీఏలో కాలిఫోర్నియా రెసిడెంట్ ఎప్పుడయ్యారో తేదీ ఉంటుంది. అక్కడ సెప్టెంబరు 12 ఉందా, ట్యాక్స్ చేసినాయన ఇంకేదైనా కొట్టాడా చూసుకోండి. జాయింట్ బ్యాంకు అకౌంటు స్టేట్‌మెంటు, పాప డాక్టరు దగ్గర మీ సంతకంతో ఉన్న ఫారాలు పనికొస్తాయి. భర్త పేరున్న కాగితాలు, పెళ్లి సర్టిఫికెట్ కలిపి ఇస్తే తీసుకునే కాలేజీలూ ఉన్నాయి. ఏవి తీసుకుంటారో మీ కాలేజీ రెసిడెన్సీ ఫారం వెనకే జాబితా ఉంటుంది. మధ్యలో ఇండియా వెళ్లొచ్చానే అని కంగారుపడ్డారు. ఇల్లు ఇక్కడే ఉంచుకుని తిరిగి వచ్చే ఉద్దేశంతో వెళ్తే ఏడాది తెగిపోదు.

ఇక ఫాల్‌లో ఏం చేయాలి. పూర్తిగా ఆగొచ్చు. నష్టం నాలుగు నెలలు. అదీగాక చాలా కాలేజీల్లో ఒక సెమిస్టర్ మానేస్తే మళ్లీ అప్లికేషన్ పెట్టాలి. అప్లికేషన్ ఉచితమే, పైగా కొత్త అప్లికేషన్‌తో రెసిడెన్సీ మళ్లీ చూస్తారు కాబట్టి అది మీకు మేలే. కాకపోతే దొంగ అప్లికేషన్లు ఎక్కువైపోయి ఈమధ్య కాలేజీలు గుర్తింపు గట్టిగా అడుగుతున్నాయి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు అక్షరం తేడా లేకుండా రాయండి, ఐడీ చూపించమని మెయిలు వస్తే ఆ వారంలోనే చూపించండి.

లేదా ఒక్క క్లాసు తీసుకోవచ్చు. మేనేజీరియల్ అకౌంటింగ్ 4 యూనిట్లనుకుంటే ఫాల్‌లో 1,584, జనవరిలో 184. ఆ 1,400 తేడా పెట్టడానికి ఒకే ఒక్క మంచి కారణం ఉంటుంది: సర్టిఫికెట్‌కి కావాల్సిన క్లాసు ఏడాదికి ఒక్కసారే, అదీ ఫాల్‌లోనే ఇస్తుంటే. కొన్ని కాలేజీల్లో ట్యాక్స్ క్లాసు అలా ఉంటుంది. కౌన్సిలర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. అలా తీసుకోవాలన్నా ముందు బాకీ హోల్డ్ తీయించాలి.

నాకు నచ్చిన దారి మూడోది, నాన్‌క్రెడిట్ క్లాసులు. వీటికి యూనిట్లు లేవు, ట్యూషన్ లేదు, రెసిడెన్సీ ఫీజు గొడవ లేదు. చాలా కాలేజీల్లో ఎక్సెల్, ఆఫీసు కంప్యూటర్ పని, ఇంగ్లిష్ ఉంటాయి, కొన్నిచోట్ల బుక్‌కీపింగ్ మొదటి పాఠాలూ ఉంటాయి. మీ హోల్డ్ దీనికీ అడ్డొస్తుందేమో అడగండి. అడ్డొస్తే మీ స్కూల్ డిస్ట్రిక్ట్ నడిపే అడల్ట్ స్కూల్ ఉంటుంది, దానికి కాలేజీ బాకీతో సంబంధం లేదు. గ్రేడు రాదు, ట్రాన్‌స్క్రిప్ట్ బరువెక్కదు. జనవరి దాకా చేతి అలవాటు పోకుండా ఉంటుంది.

అక్క చెప్పిన ఎఫ్-1 గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మీ పరిస్థితిలో అది ఉన్నది పోగొట్టుకునే బేరం. హెచ్-4 మీద మీరు ఒక క్లాసైనా, నాలుగైనా చదువుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎఫ్-1 అయితే ప్రతి సెమిస్టర్ 12 యూనిట్లు తప్పవు, అందులో ఆన్‌లైన్ క్లాసు ఒకటే లెక్కకొస్తుంది. పాపకి జ్వరం వస్తే క్లాసు వదిలే వీలు కూడా స్టేటస్‌తో ముడిపడి ఉంటుంది. ఎఫ్-1 వాళ్లు రెసిడెంటు కాలేరు కాబట్టి ప్రతి సెమిస్టర్ 12 యూనిట్లకి 4,752. విదేశీ విద్యార్థుల నమోదుకి ప్రభుత్వం తీసుకునే సెవిస్ ఫీజు 350 అదనం. మీరు అప్లై చేసిన ఈఏడీ హెచ్-4 మీద ఆధారపడింది, స్టేటస్ మారితే అదీ పోతుంది. చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీ వస్తుందన్నది నిజమే, అసోసియేట్ డిగ్రీ తర్వాత ఏడాది. సైన్సు, టెక్నాలజీ చదువులకిచ్చే స్టెమ్ పొడిగింపుకి బ్యాచిలర్స్ కావాలి. గ్రీన్‌కార్డు దారిలో ఉన్న కుటుంబం స్టూడెంట్ వీసా అడిగితే వచ్చే ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఈఏడీ తిరస్కరించారంటే అప్పుడు మీ ఆయన కంపెనీ లాయర్‌తో మాట్లాడి ఈ దారి చూడొచ్చు.

జనవరి కోసం ఇప్పుడే చేయాల్సిన పని ఇంకొకటుంది. అప్లికేషన్‌లో ‘ఇప్పటికే డిగ్రీ ఉంది’ అని పెట్టి ఓరియంటేషన్, ఎడ్యుకేషన్ ప్లాన్ తప్పించుకున్నానని సంతోషంగా రాశారు. మీకు సీట్లు మిగలకపోవడానికి కారణం బహుశా అదే. ఓరియంటేషన్, ప్లేస్‌మెంట్, ఎడ్యుకేషన్ ప్లాన్ మూడూ పూర్తి చేసినవాళ్లకి రిజిస్ట్రేషన్ తేదీ ముందు వస్తుంది. చేయనివాళ్లు అందరూ ఎక్కాక మిగిలిన సీట్ల కోసం వస్తారు. మీకు సాయంత్రం ఆరింటి ఇంగ్లిష్ దొరికింది అందుకే అనుకుంటున్నాను. పాప బడిలో ఉండే టైములో క్లాసు కావాలంటే సెప్టెంబరులోనే కౌన్సిలర్ అపాయింట్‌మెంటు తీసుకోండి. స్ప్రింగ్ రిజిస్ట్రేషన్ నవంబరు ప్రాంతంలో తెరుచుకుంటుంది, అప్పటికి కౌన్సిలర్లు దొరకరు.

వెయిట్‌లిస్టులో పడితే ఒక జాగ్రత్త. సీటు ఖాళీ అయితే కాలేజీ మెయిలుకే కబురు వస్తుంది, మీ జీమెయిల్‌కి కాదు. కొన్ని కాలేజీలు ఒక్క రోజే టైమిస్తాయి. క్లాసులు మొదలయ్యాక వెయిట్‌లిస్టు కదలదు, టీచరు యాడ్ కోడ్ (చేరడానికి అనుమతి నంబరు) ఇవ్వాలి. మొదటి రోజు క్లాసులో ఉండాలి, ఆన్‌లైన్ అయితే ఆ ఉదయమే మెయిలు పెట్టాలి. కోడ్ చేతికొస్తే సీటొచ్చినట్టు కాదు, పోర్టల్లో కొట్టి మీ షెడ్యూల్లో క్లాసు కనిపించేదాకా చూడాలి. హోల్డ్ ఉంటే కోడ్ పనిచేయదు. ఎనిమిది వారాల క్లాసు తొందరగా అయిపోతుందని తీసుకునేవాళ్లు ఎక్కువ, అందులో గడువులూ అంత తొందరగానే పోతాయి. డబ్బు వెనక్కొచ్చేది నిడివిలో 10 శాతం దాకానే, అంటే ఐదారు రోజులు. మొదటి వారం సిలబస్ చదివేలోపే అయిపోతుంది. రిజిస్టర్ అయిన రోజే పోర్టల్లో ఆ సెక్షన్ గడువులు తెరిచి ఫోను క్యాలెండర్‌లో పెట్టుకోండి, డ్రాప్ చేస్తే ఆ తెర ఫొటో తీసి ఉంచుకోండి.

బాకీ 1,772. క్యాషియర్ దగ్గర నెలవారీ పద్ధతి అడగండి, చాలా కాలేజీలు ఇస్తాయి. బాకీ ఉందని ట్రాన్‌స్క్రిప్ట్ ఆపకూడదని కాలిఫోర్నియాలో 2020 నుంచి చట్టం ఉంది, కాబట్టి బీ ఉన్న కాగితం మీకు ఎప్పుడైనా దొరుకుతుంది. వదిలేస్తే మాత్రం బాకీ వసూలు ఏజెన్సీకి వెళ్లొచ్చు. కాలేజీ బాకీల్ని రాష్ట్ర పన్ను రీఫండ్‌లోంచి మినహాయించుకునే ఏర్పాటు కూడా రాష్ట్రంలో ఉంది. మీరిద్దరూ జాయింటుగా రిటర్ను వేస్తే ఆ రీఫండు ఇద్దరిదీ.

మీ ఆయనకి చెప్పాలా అన్నదానికి నేను ఆజ్ఞ వేయను. చెప్పకుండా నడిపించొచ్చు, కానీ ఆయన ఫాల్‌లో మూడు క్లాసులంటున్నారు. హోల్డ్ వల్ల మీరు రిజిస్టర్ కాలేరు, ఆ కారణం ఏదో ఒక రోజు చెప్పాల్సి వస్తుంది. లీజు, పన్ను కాగితాలు, పెళ్లి సర్టిఫికెట్ కూడా ఆయన ఫైల్లోనే ఉండి ఉంటాయి. పిటిషన్ పెట్టేశాక చెబితే ‘పోయింది’ అని కాక ‘ఇదిగో, ఇది చేశాను’ అని మొదలుపెట్టొచ్చు. పాప హాస్పిటల్లో ఉన్న ఆ రెండు రాత్రులు ఆయనకీ గుర్తుంటాయి. ఎక్కువ మాటలెందుకు, ఒక కాగితం మీద రాసి ముందు పెట్టండి. కట్టింది 1,000, ఉన్నది 1,772, ఇంగ్లిష్‌కి వెనక్కి అడుగుతున్నది 1,188, ఫాల్‌లో ఆయనన్నట్టు చేరితే 4,356. చివరి వరుసలో జనవరి: మేనేజీరియల్ అకౌంటింగ్, 4 యూనిట్లు, 184.